పాత కోచ్ మేలా, కొత్త కోచ్ మేలా: ఈ వాదన ఎలా చేయాలి

అనంతపురంలో బాస్కెట్‌బాల్ చూసేవాళ్లు క్రికెట్ చూసేవాళ్లంత మంది లేరు గానీ, ఉన్నవాళ్లు మాత్రం గట్టివాళ్లు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ మనకు ఉదయం ఆరుకో ఆరున్నరకో మొదలవుతాయి. అలారం పెట్టుకుని లేచి మ్యాచ్ చూసి, టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ ఆఫీసు టైమ్ దాకా వాదించుకునే గుంపు మాది. సాయంత్రం కోర్టు మెట్ల మీద అదే వాదన ఇంకో రూపంలో నడుస్తుంది. పెద్ద సార్ ఆడించిందే ఆట అని కొందరంటారు, ఆయన వెళ్లాక వచ్చిన కొత్త సార్‌తోనే జట్టు దారిలో పడిందని కొందరంటారు.

నేను జిల్లా మ్యాచ్‌లకు టేబుల్ దగ్గర కూర్చుని స్కోర్ షీట్ రాస్తాను. అంతకుముందు గార్డ్‌గా, అంటే బాల్ తెచ్చి ఆట నడిపే చోట, ఆడాను. ఈ వాదన విన్నప్పుడల్లా నాకు కష్టంగా అనిపించేది ఒకటే. ఒక మనిషి ఏళ్ల తరబడి ఎండలో నిలబడి చేసిన పనికి రెండంకెలు పట్టుకుని తీర్పు చెప్పేస్తారు. గెలుపోటముల లెక్క జట్టు గురించి చెబుతుంది. కోచ్ గురించి తెలియాలంటే ఆయన చేతిలో ఏముంది, దాంతో ఆయన ఏం చేశాడు అన్నది విడిగా వెతకాలి. అది ఎలా వెతకాలో రాస్తున్నాను.

ముందు ప్రశ్నను చీల్చండి

ఇద్దరిలో ఎవరు మేలు అని అడగడం మానేసి, ఏ పనిలో ఎవరు మేలు అని అడగండి. ఆట నేర్పడం ఒక పని. ఎవరిని ఎప్పుడు దించాలో, ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చడం ఇంకో పని. ఎదుటి జట్టును చదివి మ్యాచ్ మధ్యలో ఎత్తుగడ మార్చడం మరో పని. పన్నెండు మందిని ఒక్క తాటి మీద నిలబెట్టడం అన్నిటికన్నా కష్టమైన పని. ఒకే మనిషి అన్నిట్లోనూ గొప్పగా ఉండటం అరుదు.

మా ఇంట్లోనే చూడండి. మా ఆయన పెద్ద సార్ శిష్యుడు. "ఆయన దగ్గర నేర్చుకున్నోడు ఈ రోజుకీ ఎడమ చేత్తో లేఅప్ వేస్తాడు" అంటాడు. లేఅప్ అంటే రింగ్ దగ్గరికి పరిగెత్తి వేసే షాట్. మా తమ్ముడేమో "అది సరే బావా, ఆఖరి రెండు నిమిషాల్లో టైమ్‌అవుట్ ఒక్కటీ మిగల్చుకోకపోతే ఎడమ చెయ్యి ఏం చేస్తుంది?" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకాయన నేర్పడం గురించి మాట్లాడుతుంటే, ఇంకొకడు మ్యాచ్ నడపడం గురించి మాట్లాడుతున్నాడు. ఇలాంటి వాదన ఎన్ని రాత్రులు సాగినా తెగదు. కాబట్టి మాట మొదలుపెట్టేముందే ఒక కాగితం తీసుకుని ఈ పనుల పేర్లు వరుసగా రాయండి. ఒక్కో పనికి విడిగా వాదించండి.

చేతికి ఏమిచ్చారో చూడండి

మన జిల్లాలో చెనక్కాయ దిగుబడి చూసి రైతు పనితనం తేల్చేవాళ్లు ముందు ఆ ఏడు వాన ఎంత పడిందో అడుగుతారు. కోచ్ విషయంలో అడగాల్సింది జట్టులో ఎవరున్నారు, ఎవరికి గాయం, ఎవరి వయసెంత అన్నది.

దీనికి ఎన్‌బీఏ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను మించిన పాఠం లేదు. 2011 నుంచి 2014 దాకా మార్క్ జాక్సన్ కోచ్. లాకౌట్ (ఓనర్లకు, ఆటగాళ్లకు ఒప్పందం కుదరక లీగ్ ఆగిపోవడం) వల్ల 66 మ్యాచ్‌లకు కుదించిన మొదటి సీజన్‌లో 23 గెలిచి 43 ఓడారు. తర్వాతి సీజన్ 47-35, ఆ తర్వాత 51-31. 2014 మేలో ఆయన్ను తీసేశారు. స్టీవ్ కెర్ వచ్చాడు. అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయని మనిషి. మొదటి సీజన్‌లోనే 67-15, దాంతోపాటు ఛాంపియన్‌షిప్. మరుసటి సీజన్ 73-9. 51 ఎక్కడ, 67 ఎక్కడ అని ఒక్క మాటలో తేల్చేస్తారు చాలామంది.

కాస్త ఆగి ఆటగాళ్ల జాబితా రాయండి. కర్రీ, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్, బోగట్, ఇగ్వడాలా, హారిసన్ బార్న్స్, డేవిడ్ లీ. వీళ్లంతా కెర్ రాకముందే ఉన్నవాళ్లు. కొత్తగా చేరినవాళ్లలో చెప్పుకోదగ్గవాళ్లు షాన్ లివింగ్‌స్టన్, బార్బోసా. వాళ్లు బెంచ్ నుంచి వచ్చేవాళ్లు. అంటే దాదాపు అదే జట్టు ఇద్దరి చేతుల్లోనూ ఉంది. కోచ్‌లను పోల్చడానికి ఇంత శుభ్రమైన జత ఎన్‌బీఏలో అరుదుగా దొరుకుతుంది. అందుకే మా గుంపులో కొత్తగా చేరినవాళ్లకు ముందు ఇదే చెబుతాను.

ఇక్కడ కూడా రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, కుర్రాళ్ల వయసు. కర్రీ డ్రాఫ్ట్ అయింది (కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునేటప్పుడు ఎంపికైంది) 2009లో, క్లే 2011లో, గ్రీన్ 2012లో. కెర్ వచ్చేసరికి ముగ్గురూ పైకి లేస్తున్నవాళ్లే. జాక్సన్ ఉన్నా కొంత ఎదిగేవాళ్లు. రెండు, జాక్సన్ మొదటి సీజన్. అప్పుడు కర్రీ చీలమండ దెబ్బలతో 26 మ్యాచ్‌లే ఆడాడు. బోగట్‌ను ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) తెచ్చారు గానీ గాయంతో ఆ సీజన్ దిగనే లేదు. ఆ 23-43ను జాక్సన్ ఖాతాలో మొత్తంగా వేయడం అన్యాయం.

ఇప్పుడు ఆటను రెండు ముక్కలు చేయండి: డిఫెన్స్, అఫెన్స్. జాక్సన్ ఆఖరి సీజన్‌లో వారియర్స్ డిఫెన్స్ లీగ్‌లో మొదటి అయిదు జట్లలో ఉంది. అఫెన్స్ నడిమి వరుసలో ఉంది. కర్రీ, క్లే లాంటి షూటర్లుండి నడిమి వరుసలో ఉండటమేంటి? ఆ సీజన్‌లో మ్యాచ్‌కు లీగ్ మొత్తంలో అందరికన్నా తక్కువ పాస్‌లు ఇచ్చిన జట్టు వారియర్సే. ఎదుటివాళ్లలో పొట్టివాడు ఎక్కడ దొరుకుతాడా అని చూసి, వాడి మీదికి ఒకరు వెళ్లి ఒంటరిగా ఆడటం వాళ్ల పద్ధతి. కెర్ మొదటి సీజన్‌లో డిఫెన్స్ లీగ్‌లో మొదటి స్థానానికి, అఫెన్స్ రెండో స్థానానికి వెళ్లాయి. డిఫెన్స్‌కు పునాది వేసింది జాక్సన్. దాన్ని ఇంకో మెట్టు ఎక్కించడంలో కెర్ సహాయకుడు రాన్ ఆడమ్స్ పని పెద్దది. అఫెన్స్‌లో వచ్చిన ఎదుగుదల మాత్రం కెర్‌దే. ఆ మాట మీద నాకు ఏ సందేహమూ లేదు.

సహాయకుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. జాక్సన్ పక్కన 2013 దాకా ఉన్న మైక్ మలోన్ తర్వాత డెన్వర్‌కు హెడ్ కోచ్‌గా 2023లో టైటిల్ తెచ్చాడు. హెడ్ కోచ్ పేరు మీద మాట్లాడేటప్పుడు ఆయన పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో కూడా చూడండి. మన ఊళ్లో అయితే పక్క కుర్చీలో సాధారణంగా ఎవరూ ఉండరు. సారే కోచ్, సారే మేనేజర్, పిల్లల బస్ టికెట్లు తీసేదీ సారే.

చేతిలో ఉన్నవి, లేనివి

కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఒక పక్క కోచ్ చేతిలో ఉన్నవి, ఇంకో పక్క లేనివి. డ్రాఫ్ట్, ట్రేడ్, జీతాలు, గాయాలు, ఓనర్ మనసు, ఇవన్నీ లేనివి. మొదటి అయిదుగురు ఎవరు, ఎవరెన్ని నిమిషాలు, ఏ ఎత్తుగడ, టైమ్‌అవుట్ ఎప్పుడు, ఇవి ఉన్నవి.

చాలాసార్లు ఒకే సంఘటన రెండు పక్కలా పడుతుంది. కెర్ మొదటి సీజన్ మొదట్లో డేవిడ్ లీకి తొడ కండరం పట్టేసింది, అతని చోట గ్రీన్ ఆడాడు. లీకి గాయం కావడం కెర్ చేతిలో లేదు. లీ కోలుకుని వచ్చాక కూడా గ్రీన్‌నే ఉంచడం కెర్ నిర్ణయం. పేరున్న ఇగ్వడాలాను బెంచ్ మీదికి పంపి బార్న్స్‌ను మొదటి అయిదుగురిలో వేయడం కూడా ఆయన నిర్ణయమే. 2015 ఫైనల్స్‌లో 2-1తో వెనకబడి ఉన్నప్పుడు నాలుగో మ్యాచ్‌కు బోగట్‌ను పక్కనపెట్టి అదే ఇగ్వడాలాను మొదటి నుంచీ దించాడు. వరసగా మూడు గెలిచారు. రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌కూ మొదటి అయిదుగురిలో లేని ఇగ్వడాలా ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ ఆలోచన చెప్పింది నిక్ యూరెన్ అనే సహాయక సిబ్బందిలోని కుర్రాడు. చిన్నవాడి మాట ఫైనల్స్ మధ్యలో విని అమలుచేయడం కూడా కోచ్ పనితనమే. నేనైతే దాన్ని పెద్ద మార్కుగా వేస్తాను.

పాయింట్ల తేడా

గెలుపుల కన్నా పాయింట్ల తేడా జట్టు బలాన్ని నమ్మకంగా చెబుతుంది. వేసిన పాయింట్లలోంచి ఇచ్చిన పాయింట్లు తీసేసి మ్యాచ్‌ల సంఖ్యతో భాగించండి, అంతే. వారియర్స్‌కు జాక్సన్ ఆఖరి సీజన్‌లో మ్యాచ్‌కు సుమారు 5, కెర్ మొదటి సీజన్‌లో సుమారు 10. మన ఊరి మ్యాచ్‌లకు చేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ఎప్పుడూ ఆడని స్కూల్ మీద 50 తేడాతో గెలిచిన మ్యాచ్ లెక్కంతా పాడుచేస్తుంది. 20కి మించిన తేడాను 20గానే వేసుకోండి.

స్కోర్ షీట్ ఎలా చదవాలి

ఇది నా పని కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మన దగ్గర మ్యాచ్‌కు వీడియో ఉండదు, అసిస్ట్‌ల లెక్క ఉండదు. ఉండేది స్కోర్ షీట్ ఒక్కటే. దాని కాపీ జట్టుకు ఇస్తారు. మీ కోచ్‌నో పీడీ సార్‌నో మర్యాదగా అడిగితే చూపిస్తారు. చాలామంది దాన్ని చూసి ఎవరెన్ని పాయింట్లు వేశారో లెక్కేసి మడిచి పెట్టేస్తారు. కోచ్ గురించి అందులో చాలా ఉంది.

మొదట రంగు చూడండి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతిలో ఒకటో, మూడో క్వార్టర్లు ఎర్ర పెన్నుతో, రెండో, నాలుగో క్వార్టర్లు నీలమో నలుపో పెన్నుతో రాస్తాం. రన్నింగ్ స్కోర్ (వేసినకొద్దీ పెరిగే మొత్తం) గడిలో మామూలు బాస్కెట్‌కు ఏటవాలు గీత, ఫ్రీ త్రోకు నిండు చుక్క, త్రీ పాయింటర్ వేసినవాడి నంబర్ చుట్టూ సున్నా. క్వార్టర్ ముగిసిన చోట ఆఖరి అంకె చుట్టూ మందంగా గుండ్రం చుట్టి కింద గీత కొడతాం. మీకు కావలసింది మూడో క్వార్టర్. కోచ్ పిల్లలతో తీరిగ్గా మాట్లాడేది దానికి ముందు వచ్చే హాఫ్ టైమ్‌లోనే. మొదటి సగంలో వెనకబడిన మ్యాచ్‌లన్నీ తీసి, వాటిలో మూడో క్వార్టర్ స్కోరు మాత్రం పక్కన రాయండి. ఒక మ్యాచ్‌తో ఏమీ తేలదు. సీజన్ షీట్లన్నీ పక్కపక్కన పెడితే, హాఫ్ టైమ్‌లో ఎదుటి జట్టును చదివి మార్చే సార్ ఎవరో, ఒకే మాట గట్టిగా మళ్లీ చెప్పే సార్ ఎవరో ఎర్ర గీతల్లో కనబడుతుంది.

తర్వాత ఆటగాళ్ల పేర్ల పక్కన చిన్న గడిలో గుణకారం గుర్తు ఉంటుంది. చుట్టూ సున్నా ఉంటే మొదటి అయిదుగురిలో ఉన్నవాడు, లేకపోతే తర్వాత దిగినవాడు. గుర్తే లేకపోతే ఆ పిల్లవాడు జెర్సీ వేసుకుని మ్యాచ్ అంతా కూర్చున్నాడు. పెద్ద సార్ షీట్లలో దగ్గరి మ్యాచ్‌లు తీస్తే ఆరేడు గుర్తుల కన్నా ఎక్కువ ఉండేవి కావు. కొత్త సార్ షీట్లలో తొమ్మిది, పది ఉంటాయి. ఎక్కువ మందిని దించడమే గొప్ప అని నేననను. కానీ టోర్నమెంట్‌లో మూడు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చినప్పుడు మే నెల ఎండలో మన సిమెంట్ కోర్టు మీద ఆరుగురితో నెట్టుకురావడం ఎలా ఉంటుందో ఆడినవాళ్లకు తెలుసు.

ఫౌల్ గడులు చూడండి. అయిదో ఫౌల్‌తో ఆటగాడు బయటికి. మంచి ఆటగాడికి మొదటి సగంలోనే మూడు ఫౌల్‌లు ఉన్నాయంటే కోచ్ ముందు పెద్ద ప్రశ్న ఉంది. కూర్చోబెట్టాలా, ఆడించాలా? నాలుగో ఫౌల్ ఏ రంగులో ఉందో చూస్తే ఆయన ఏం చేశాడో తెలుస్తుంది. కోచ్ పేరు ఎదురుగా కూడా గడులుంటాయి. ఆయన నోరు జారి టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకు పడే ఫౌల్) తెచ్చుకుంటే అక్కడ సీ అని రాస్తాం. బెంచ్ మీద ఎవరైనా గొడవ చేస్తే బీ అని రాస్తాం. పన్నెండు మందిని అదుపులో పెట్టడం గురించి వాదించేటప్పుడు ఈ గడులే సాక్ష్యం.

టైమ్‌అవుట్‌లు ఆఖరున. మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు ఉంటాయి. ఆఖరి రెండు నిమిషాల్లో మాత్రం రెండుకు మించి వాడటానికి లేదు. తీసుకున్న నిమిషాన్ని గడిలో రాస్తాం. వాడనివాటిని అడ్డగీతలతో కొట్టేస్తాం. ఇక్కడ షీట్‌కు ఒక లోటు ఉంది. రన్నింగ్ స్కోర్‌లో నిమిషం ఉండదు, రెండు జట్ల పాయింట్లు ఏ వరసలో పడ్డాయో కూడా ఉండదు. ఎదుటివాళ్లు వరసగా ఎనిమిది వేశాక టైమ్‌అవుట్ అడిగాడా, నాలుగుకే అడిగాడా అన్నది షీట్ చెప్పదు. అందుకని కోచ్ టైమ్‌అవుట్ అడగ్గానే అప్పటి స్కోరు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆట మళ్లీ మొదలయ్యాక మన జట్టు మొదటి రెండు మూడుసార్లు బాల్ తెచ్చినప్పుడు ఏమైందో కూడా రాయండి. మంచి షాట్ దొరికిందా, పోగొట్టుకున్నామా. ఇది టేబుల్ మనిషే చేయాల్సిన పని కాదు, మెట్ల మీద కూర్చున్న ఎవరైనా చేయొచ్చు.

ఒక్క ముఖ్యమైన జాగ్రత్త. ఇద్దరు సార్ల షీట్లు పోల్చేటప్పుడు ఒకే ఎదుటి జట్టు మీద ఆడినవి తీసుకోండి. కర్నూలు, కడప జట్ల మీద ఎలా ఆడామో చూడండి. బలహీనమైన జట్టు మీద సాధించిన గెలుపును ఎవరూ వాదనలోకి తేకూడదు.

పాస్‌లు లెక్కపెట్టండి

షీట్ చెప్పనిది కంటితో పట్టుకోవాలి. నేను చేసే పద్ధతి సులభం. ఒక క్వార్టర్ ఎంచుకోండి. రెండోదైతే మంచిది, బెంచ్ వాళ్లు దిగేది సాధారణంగా అప్పుడే. మన జట్టు బాల్ సగం గీత దాటించినప్పటి నుంచి ప్రతి పాస్‌కు ఒక చిన్న గీత. షాట్ వేయగానో బాల్ పోగానో ఒక అడ్డగీత.

ఒకసారి ఇలా ఉంటుంది. గార్డ్ బాల్ తెచ్చి వింగ్‌లో (కోర్టు పక్క వైపు) ఉన్నవాడికి ఇస్తాడు, ఒక గీత. వింగ్ నుంచి పోస్ట్‌లోకి (రింగ్ దగ్గరి చోటుకు), రెండు. ఇచ్చినవాడు అక్కడే నిలబడిపోకుండా పక్కవాడికి స్క్రీన్ పెట్టి (వాడిని కాసేవాడికి అడ్డంగా నిలబడి) ఇద్దరూ చెరో వైపుకు పరిగెత్తుతారు. పోస్ట్‌లో ఉన్నవాడు బాల్‌ను గుండెల దగ్గర పట్టుకుని ఇద్దరినీ చూస్తుంటాడు. డిఫెన్స్ ఒకరి వైపు మొగ్గగానే ఇంకొకరికి బాల్, మూడు. లేఅప్. కెర్ వచ్చాక వారియర్స్ ఆటలో మీరు మళ్లీ మళ్లీ చూసేది ఇదే. ఇంకోసారి గార్డ్ ఒక్కడే పది సెకన్లు డ్రిబుల్ చేసి షాట్ వేస్తాడు, గీతే ఉండదు. క్వార్టర్ అయ్యాక నోట్‌బుక్ చూస్తే ఆ సార్ జట్టును ఎలా ఆడిస్తున్నాడో మీ ముందు ఉంటుంది.

ఎక్కువ పాస్‌లంటే మంచి కోచ్ అని గుడ్డిగా అనుకోవద్దు. మైక్ డాంటోని దగ్గర హ్యూస్టన్ 2017-18లో హార్డెన్ ఒంటరి ఆట మీద నడిచి 65-17తో ముగించింది. ఉన్న ఆటగాళ్లకు ఏది సరిపోతుందో అదే ఆడించాడా అన్నది చూడాలి. కర్రీ, క్లే లాంటి పరిగెత్తే షూటర్లకు పాస్‌ల ఆట సరిపోతుంది. హార్డెన్‌కు అతని ఆటే సరిపోయింది.

టొరంటో సంగతి

మా గుంపులో ఇప్పటికీ తెగనిది ఇదే. డ్వేన్ కేసీ 2011 నుంచి టొరంటో రాప్టర్స్ కోచ్. 2017-18లో 59-23 చేశాడు, ఆ సీజన్‌కు కోచ్ ఆఫ్ ది ఇయర్ కూడా ఆయనే. ప్లేఆఫ్స్‌లో లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌లాండ్ చేతిలో 4-0తో ఓడగానే తీసేశారు. ఆయన సహాయకుడు నిక్ నర్స్‌ను పైకి తెచ్చారు. నర్స్ 58-24, ఛాంపియన్‌షిప్.

నర్స్ మేలు అనేవాళ్లు టైటిల్ చూపిస్తారు. కానీ కాగితం మీద గీత గీసి చూడండి. జట్టు స్టార్ డిరోజన్‌ను ఇచ్చి కవాయ్ లెనార్డ్‌ను, డానీ గ్రీన్‌ను తెచ్చారు. సీజన్ మధ్యలో మార్క్ గాసోల్ వచ్చాడు. 2016, 2017, 2018 మూడేళ్లూ దారికి అడ్డంగా నిలబడిన లెబ్రాన్ లేకర్స్‌కు వెళ్లిపోయాడు. ఫైనల్స్‌లో వారియర్స్ వైపు డ్యురాంట్ అయిదో మ్యాచ్‌లో, క్లే ఆరో మ్యాచ్‌లో గాయపడ్డారు. ఫిలడెల్ఫియా మీద ఏడో మ్యాచ్‌లో కవాయ్ ఆఖరి షాట్ రింగ్ మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. ఇందులో ఏదీ నర్స్ చేతిలో లేదు. పాయింట్ల తేడా తీసినా కేసీ ఆఖరి సీజన్‌లో మ్యాచ్‌కు సుమారు 8, నర్స్ మొదటి సీజన్‌లో సుమారు 6.

అయితే నర్స్ గొప్పేం లేదా? ఉంది, కానీ సాక్ష్యం టైటిల్‌లో కాదు, తర్వాతి సీజన్‌లో ఉంది. 2019 వేసవిలో కవాయ్ వెళ్లిపోయాడు. అందరూ టొరంటో పని అయిపోయిందన్నారు. కోవిడ్‌తో కుదించిన ఆ సీజన్‌లో నర్స్ 53-19 చేశాడు, కోచ్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. పెద్ద స్టార్ పోయినా జట్టు నిలబడిందంటే అది కోచ్ పనే. 2019 ఫైనల్స్ రెండో మ్యాచ్ ఆఖర్లో కర్రీ ఒక్కడికి ఒకరిని కాపలా పెట్టి మిగతా నలుగురితో చతురస్రం కట్టిన బాక్స్ అండ్ వన్ కూడా ఆయన ధైర్యమే. ఎన్‌బీఏలో చాలా అరుదుగా కనబడే ఎత్తుగడ అది. అందుకే మ్యాచ్ నడపడంలో నర్స్‌కు, 2011 నుంచి ఆ జట్టును నిలబెట్టినందుకు కేసీకి నా ఓటు. కేసీ తర్వాత డెట్రాయిట్‌లో ఓడుతూ పోయాడు కదా అని కొందరంటారు. అక్కడ చేతికిచ్చిన జట్టు చూస్తే ఆ మాట అనలేరు.

సీజన్ మధ్యలో మారితే

ఇది పోల్చడానికి బాగుంటుందనిపిస్తుంది గానీ బాగా మోసం చేస్తుంది. 2016 జనవరిలో క్లీవ్‌లాండ్ 30-11తో ఉండగా డేవిడ్ బ్లాట్‌ను తీసేశారు. టైరన్ లూ మిగతా 41 మ్యాచ్‌ల్లో 27-14 చేసి, ఫైనల్స్‌లో 3-1 నుంచి లేచి టైటిల్ గెలిచాడు. అంకెల్లో బ్లాట్ మేలు, కప్పులో లూ మేలు. 2015 ఫైనల్స్‌లో బ్లాట్‌కు కెవిన్ లవ్ లేడు, కైరీ ఇర్వింగ్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. లూకు ఇద్దరూ ఉన్నారు. 2024 జనవరిలో మిల్వాకీ 30-13తో ఉండగా ఏడ్రియన్ గ్రిఫిన్‌ను తీసేసి డాక్ రివర్స్‌ను తెస్తే ఆయన చేతిలో 17-19 అయింది.

ఇంకో సంగతి. కోచ్‌ను సాధారణంగా తీసేసేది జట్టు వరసగా ఓడుతున్నప్పుడు. అలాంటి చెడ్డకాలం ఎవరున్నా కొంత తనంతట తానే తీరుతుంది. కొత్తాయన వచ్చిన మొదటి నెలలో గెలుపులు పెరిగితే అందులో ఎంత ఆయనది, ఎంత కాలానిది అన్నది అప్పుడే చెప్పలేం. కనీసం ఒక పూర్తి సీజన్ ఆగండి. మన ఊళ్లో అయితే ఒక బ్యాచ్ పిల్లలు అండర్-14 నుంచి అండర్-17కు వచ్చేదాకా ఆగాలి.

వాదించే తీరు

కోచ్‌ను వాడు, వీడు అనొద్దు. ఎన్‌బీఏ కోచ్ అయినా, మన కోర్టు సార్ అయినా. పిల్లలు మెట్ల పక్కనే బూట్లు కట్టుకుంటూ వింటుంటారు. పెద్ద సార్ మీద ప్రేమ ఉంటే దాచుకోనక్కర్లేదు. "నాకు ఆయనంటే ప్రాణం, అది వేరే లెక్క" అని ముందే చెప్పేసి, తర్వాత షీట్ తీయండి. అవతలివాళ్లను ఒక ప్రశ్న అడగండి: "ఏం చూపిస్తే నీ మాట మార్చుకుంటావు?" అది కాగితం మీద రాయించండి. ఏం చూపించినా మార్చుకోను అంటే టీ తాగి ఇంటికి వెళ్లండి, వాదన దండగ. మా తమ్ముడు "దగ్గరి మ్యాచ్‌ల్లో మూడో క్వార్టర్ పెద్ద సార్‌దే బాగుంటే ఒప్పుకుంటా" అని రాశాడు. షీట్లు తీశాం. మూడో క్వార్టర్ కొత్త సార్‌దే బాగుంది. మా ఆయన ఆ గడిలో కొత్త సార్ పేరు తన చేత్తోనే రాశాడు.

మా కోర్టు విషయంలో నా తీర్పు ఇది. పదేళ్ల పిల్లకు బాల్ పట్టుకోవడం, పాదం తిప్పడం, ఎడమ చేత్తో వేయడం నేర్పడంలో పెద్ద సార్‌ను మించినవాళ్లు ఈ జిల్లాలో నాకు కనబడలేదు. ఈ రోజు కొత్త సార్ దించే తొమ్మిది మందిలో సగం మంది ఆయన చేతుల్లో మొదలైనవాళ్లే. మ్యాచ్ నడపడంలో, బెంచ్ వాడటంలో, టైమ్‌అవుట్ దాచుకోవడంలో కొత్త సార్ మేలు. ఒక్క విషయంలో మాత్రం కొత్త సార్‌తో నాకు పేచీ ఉంది. అండర్-14 పిల్లలకు కూడా జోన్ డిఫెన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో చోటును కాసే పద్ధతి) ఆడిస్తున్నాడు. జోన్‌తో ఆ వయసులో మ్యాచ్‌లు గెలవొచ్చు, ఎందుకంటే ఎదుటి పిల్లలకు దూరం నుంచి షాట్ పడదు. కానీ తన మనిషిని తాను కాయడం అప్పుడు నేర్చుకోని పిల్ల పైస్థాయికి వెళ్లాక డ్రిబుల్ చేసేవాళ్ల ముందు నిలబడలేదు. ఆ మాట సార్‌తోనే చెప్పాను. వచ్చే సీజన్‌లో చిన్నపిల్లలకు మొదటి సగమైనా మ్యాన్-టు-మ్యాన్ ఆడిస్తానన్నాడు. ఆ షీట్లు నేనే రాస్తాను కాబట్టి వాటిని విడిగా తీసి పెడతాను.